1799 పెద్ద సెంటు దొరికింది, అసలుదేనా? పెద్దలు చూసి చెప్పండి

కిరణ్_ఎడిసన్ (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా అమెరికా తొలినాటి రాగి నాణేలు పోగేస్తున్నాను. ఫిలడెల్ఫియా టంకశాల 1793 నుంచి 1857 దాకా కొట్టిన పెద్ద సెంట్లు, అర సెంట్లు. మొన్న ఆదివారం పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లు అమ్ముతుంటే వెళ్లాను. సిగార్ డబ్బాలో ఇరవై దాకా రాగి బిళ్లలు ఉన్నాయి. అడుగున ఉన్నదాన్ని తిప్పి చూస్తే 1799, చాలా అరుదైన తేదీ! చేతులు వణికాయి. 450 డాలర్లు అడిగారు, బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాను.

ఇంటికొచ్చి తూచాను: 10.62 గ్రాములు. అడ్డంగా 28.5 మి.మీ. అయస్కాంతం అంటుకోలేదు. బాగా అరిగింది, కానీ తేదీ చదవగలుగుతున్నాం. ఫొటోలు పెట్టాను. రెండు రాత్రులుగా నిద్ర లేదు, మీ మాట కోసం చూస్తున్నాను.

నవీన్_హైద్

అదృష్టం అంటే మీదే అన్నా! బరువు సరిపోయింది కదా, ఇంకేం కావాలి?

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

కిరణ్ గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. ఒక్కో మెట్టూ ఎక్కుదాం.

1795 చివరిదాకా సెంటు బరువు 13.48 గ్రాములు. రాగి ధర పెరగడంతో దాన్ని 10.89కి తగ్గించారు. మీదాని తేదీ నిజమైతే రెండో లెక్క వర్తిస్తుంది. ఇంత అరిగిన నాణెం 10.62 తూగడంలో వింతేమీ లేదు. అయితే తక్కెడ చెప్పేది బరువొక్కటే. ఏ లోహమో తెలియాలంటే నీళ్ల పరీక్ష చేయాలి.

గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూనిక మీ దగ్గర ఉంది కాబట్టి, దాని మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకి తెండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు కనిపించే అంకె ఆ నాణెం ఆక్రమించిన చోటు, ఘనపు సెంటీమీటర్లలో. బరువుని ఆ అంకెతో భాగిస్తే సాంద్రత. స్వచ్ఛమైన రాగికి 8.96. ఇత్తడైతే 8.5 చుట్టుపక్కల ఆగిపోతుంది. లోపల గాలి బుడగలున్న పోత నాణెమైతే అంతకన్నా దిగొచ్చు. నాణెం మీద గాలి బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది, మెత్తటి కుంచెతో తుడిచి మళ్లీ చూడండి.

దాంతోపాటు అంచు చుట్టూతా నాలుగు ఫొటోలు, బొమ్మవైపు నుంచి బొరుసువైపుకి తిప్పే వీడియో ఒకటి పెట్టండి. అమెరికా నాణేలు తలకిందులుగా తిరుగుతాయి. బొమ్మ నిటారుగా ఉండగా నిలువు ఇరుసు మీద, అంటే పుస్తకం పేజీ తిప్పినట్టు తిప్పితే బొరుసు తలకిందులుగా కనిపించాలి. మన రూపాయి బిళ్ల అలా కాదు, రెండువైపులా నిటారే. అలవాటు కొద్దీ మనవాళ్లు ఇక్కడ పొరపడుతుంటారు. ఆ రోజుల్లో అచ్చు బిగింపు వదులై కాస్త అటూ ఇటూ తిరగడం మామూలే, అందుకని దీన్ని అనుమానానికే వాడండి, తీర్పుకి వాడకండి.

కిరణ్_ఎడిసన్

మాస్టారూ, మూడుసార్లు చూశాను. మూడుసార్లూ 1.19. భాగిస్తే 8.92. అంచు నున్నగా ఉంది, అతుకు కనిపించలేదు. తిప్పితే తలకిందులుగానే వస్తోంది. అన్నిటిలోనూ పాసైనట్టేనా?

సుధ_డల్లాస్

కిరణ్ గారూ, ఇది రాగి అని తేలింది, పోత కాదని తేలింది, రెండు రేకులు అతికించింది కాదని తేలింది. 1799 అని మాత్రం ఇంకా తేలలేదు. మాస్టారు ఎక్కడికి తీసుకెళ్తున్నారో నాకు అర్థమవుతోంది.

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

సుధమ్మ సరిగ్గా పట్టుకుంది. ఇక్కడ కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1799లో 9,04,585 సెంట్లు కొట్టినట్టు టంకశాల లెక్కల్లో ఉంది. అందులో ఎక్కువభాగం మీద 1798 అనే ఉండి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. పాత అచ్చు పగిలేదాకా వాడుకునే రోజులవి. కాబట్టి 1799 తేదీతో ఉన్న సెంట్లు చాలా తక్కువ, 1798వి కొల్లలు. ఈ రెంటికీ తేడా ఒకే అంకె. ఎనిమిదిలో కింది సున్నాకి ఎడమపక్కన చిన్న తునక చెక్కేస్తే తొమ్మిది అయిపోతుంది. వందేళ్లకు పైగా ఈ పని జరుగుతూనే ఉంది.

అలా చేసినదాన్ని తక్కెడ పట్టుకోలేదు. ఎందుకంటే అది దొంగ నాణెం కాదు, అసలైన టంకశాల నాణెమే. రాగీ అసలుదే, చిలుమూ అసలుదే, అరుగుదలా అసలుదే. అబద్ధం ఆడుతున్నది ఒక్క అంకె.

మరి ఎలా పట్టుకోవాలి? ఆ కాలపు అచ్చుల్ని చేత్తో తయారు చేసేవారు. లిబర్టీ (స్వేచ్ఛాదేవి) తల బొమ్మకి ఒక ఉక్కు ముద్ర ఉండేది, దాన్ని అచ్చులోకి గుద్దేవారు. అక్షరాలు, అంకెలు, బొరుసు మీది దండలో ఆకులు, పళ్లు విడివిడిగా కొట్టేవారు. ఒక అచ్చులో 7 అంకె కాస్త పైకి, ఇంకో అచ్చులో ఆకు మొన ఒక అక్షరం కిందికి. అందుకని ఏ రెండు అచ్చులూ ఒకటి కావు. విలియం షెల్డన్ 1949లో ఈ తొలి సెంట్లనన్నిటినీ అచ్చుల జతల (బొమ్మకొకటి, బొరుసుకొకటి) ప్రకారం వరసపెట్టి అంకెలు వేశాడు. ఇప్పటికీ మేం ఆ అంకెలతోనే మాట్లాడుకుంటాం. 1798కి నలభైకి పైగా జతలున్నాయి. 1799కి రెండే: ఎస్-188, ఎస్-189 (ఎస్ అంటే షెల్డన్). మొదటిది ఎనిమిది మీద తొమ్మిది కొట్టిన అచ్చు, అంటే టంకశాలలోనే దిద్దినది. రెండోది నేరుగా 1799.

కాబట్టి కిరణ్ గారూ, తేదీలో చివరి అంకెని మర్చిపోండి. దాన్ని వేలితో మూసేయండి. మిగతా నాణెం ఏం చెబుతోందో చూడండి. మొదటి మూడంకెలు జుట్టుకి, గుండె దగ్గరి బట్టకి ఎంత దూరంలో ఉన్నాయి, లిబర్టీ అక్షరాల ఎత్తుపల్లాలేమిటి, బొరుసు మీద ఏ ఆకు మొన ఏ అక్షరం కింద ఆగింది. ఆ రెండు జతల ఫొటోల పక్కన పెట్టి పోల్చండి. తర్వాత పది రెట్ల భూతద్దంతో చివరి అంకె ఒక్కదాన్నే చూసి, కనిపించింది కనిపించినట్టు రాయండి. వెలుతురు పక్కనుంచి, బాగా వాలుగా పడాలి.

నవీన్_హైద్

మాస్టారూ, ఒక సందేహం. మూడో జత ఎవరికీ కనబడకుండా ఉండిపోయి ఉండొచ్చు కదా? ఇది అదే కావచ్చు కదా?

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

మంచి ప్రశ్న నవీన్. కొత్త జతలు అప్పుడప్పుడూ బయటపడతాయి, కాదనను. అలాగే ఒక బొరుసు అచ్చుని రెండు మూడు బొమ్మ అచ్చులతో వాడిన సందర్భాలు బోలెడు. కాబట్టి బొరుసు కలవలేదన్న ఒక్క కారణంతో నేను తీర్పు ఇవ్వను. కానీ బొమ్మవైపు అచ్చు కూడా ఇదివరకే తెలిసిన 1798 అచ్చుతో కలిసిపోతే? ఆ అచ్చు మీద ఎనిమిది ఉందని మనకి తెలుసు. ఆ ఎనిమిది ఎక్కడికి పోయింది? టంకశాలలోనే దాని మీద తొమ్మిది కొట్టి ఉంటే, కింద ఎనిమిది జాడ మిగులుతుంది, ఎస్-188లో మిగిలినట్టు.

సర్కారుడబ్బు (రాజమండ్రి)

కిరణ్ గారు భూతద్దం పట్టుకుని వచ్చేలోపు ఒక మాట. మీరంతా అమెరికా రాగి అంటుంటే నాకు మా ఇంట్లో గల్లాపెట్టె గుర్తొస్తోంది. 1790ల చివరి నుంచి ఫిలడెల్ఫియా టంకశాల ఖాళీ బిళ్లల్ని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి, మాథ్యూ బౌల్టన్ సోహో కార్ఖానా నుంచి తెప్పించుకునేది. అదే బౌల్టన్ 1794లో, 1797లో ఈస్టిండియా కంపెనీ కోసం మన ఉత్తర సర్కారులకి రాగి నాణేలు కొట్టి పంపాడు. రూపాయికి 48 అని వాటి మీదే రాసి ఉంటుంది. మా ముత్తాత దాచినవి రెండున్నాయి. ఫిలడెల్ఫియాలో లిబర్టీ తల పడ్డ రాగికీ, మా గోదావరి సంతల్లో తిరిగిన రాగికీ ఒకే కార్ఖానాతో సంబంధం ఉండటం నాకు ఎప్పుడూ ఒళ్లు జలదరించే విషయం.

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

అద్భుతమైన మాట గుర్తు చేశారు. సోహో బిళ్లలు నునుపుగా, సమానమైన మందంతో ఉండేవి. టంకశాల తనంతట తాను కరిగించి సాగదీసిన రాగి పొరలు పొరలుగా లేచేది, పగుళ్లు ఉండేవి. బిళ్ల నాణ్యత చూసి అచ్చు జత ఏదో ఊహించే అనుభవజ్ఞులున్నారు. మీ రెంటినీ ఒకసారి ఫొటో తీసి పెట్టండి, కడగకుండా!

కిరణ్_ఎడిసన్

చూశాను మాస్టారూ. గంటన్నర కూర్చున్నాను. కనిపించింది కనిపించినట్టు రాస్తున్నాను.

టేబుల్ దీపం బాగా కిందికి వంచి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూశాను. నాణెం అంతా ముదురు గోధుమరంగు, కాఫీ గింజ రంగు. 1, 7, మొదటి 9 చుట్టూ ఉన్న ఖాళీ నేల కూడా అదే రంగు, సన్నటి గుంటలతో గరుకుగా ఉంది. చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి, కింద ఎడమవైపు, బియ్యపు గింజలో సగమంత చోటు మాత్రం నున్నగా ఉంది. రంగు అక్కడ కొంచెం ఎరుపు తిరిగింది. దీపం ఒక కోణంలో పడ్డప్పుడు ఆ నున్నటి చోట సన్నగీతలు నాలుగో ఐదో, అన్నీ ఒకే వాలులో మెరిశాయి. తొమ్మిది తోక మొదటి తొమ్మిది తోక కన్నా బొద్దుగా ఉంది, చివర మొన తేలకుండా నరికినట్టు ఆగిపోయింది. ఇంకోటి, ఆ చోటు చుట్టుపక్కల నేల కన్నా వెంట్రుకవాసి పల్లంగా ఉంది.

బొరుసు పోల్చాను. 188కీ కలవలేదు, 189కీ కలవలేదు. ఇక బొమ్మవైపు పోల్చాలంటే ధైర్యం చాలడం లేదు, ఫొటోలు పెడుతున్నాను, మీరే చూడండి.

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

చూశాను నాయనా. మూడంకెల దూరాలు, లిబర్టీలో టీ అక్షరం వాలు, జుట్టు కొసల దగ్గర పగులు, అన్నీ 1798 అచ్చు ఒకదానితో కలిశాయి. బొరుసు దాని జతే. ఎనిమిది జాడ కింద లేదు, చెక్కిన గీతలు ఉన్నాయి. ఇది 1798 సెంటు. తేదీ దిద్దినది.

బాధ పడతారని తెలుసు. కానీ మీరు రాసిన ఆ ఒక్క పేరా, గుంటల మధ్య నున్నటి చోటు, ఒకే వాలులో గీతలు, నేను ఇరవై ఏళ్లలో కొత్తవాళ్ల దగ్గర చదివిన వర్ణనల్లో అన్నిటికన్నా స్పష్టమైనది. చూడటం వచ్చేసింది మీకు.

కిరణ్_ఎడిసన్

గుండె జారిపోయింది నిజమే. కానీ తెలియకుండా ఆల్బంలో పెట్టుకుని మురిసిపోవడం కన్నా ఇదే నయం. అరుదైన 1804 సెంటు కూడా ఇంతేనా మాస్టారూ? అది కూడా దిద్దుతారని విన్నాను.

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

1804 ఇంకా తేలిక, ఎందుకంటే దానికి ఒకే ఒక జత ఉంది, ఎస్-266. అసలైన 1804లో తేదీలోని సున్నా ఉన్న చోటికి సరిగ్గా వెనకవైపు, బొరుసు మీద ‘OF’ (ఆఫ్) అన్న మాటలోని ‘O’ అక్షరం వస్తుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే సున్నా మీద ఒక వేలు, ‘O’ మీద ఒక వేలు పడాలి. అక్కడ తప్పితే ఇక ముందుకెళ్లక్కర్లేదు. పోనుపోను ఆ అచ్చు అంచులు విరిగాయి. బొమ్మవైపు లిబర్టీ చివరి మూడు అక్షరాల పైన, బొరుసువైపు అమెరికా పదంలో కొసల రెండు అక్షరాలూ వదిలేస్తే మధ్యలో మిగిలినవాటి పైన, అంచు దగ్గర లోహం ముద్దగా లేచి ఉంటుంది. చాలా అసలు నాణేల్లో అవి కనిపిస్తాయి.

1860 ప్రాంతాల్లో టంకశాల పారేసిన పాత అచ్చుల్ని బాగుచేసి బయటివాళ్లు కొట్టిన 1804 ‘పునర్ముద్రణ’ ఒకటి ఉంది. 1803 అచ్చుని దిద్ది, 1820 నాటి బొరుసుతో జత కట్టారు. బొరుసు చూడగానే తెలిసిపోతుంది, ఆ దండ పద్ధతే వేరు. దాన్నీ ఇష్టంగా సేకరించేవాళ్లున్నారు, దాని పేరుతోనే అమ్మినంతకాలం తప్పులేదు.

సుధ_డల్లాస్

ఇప్పుడు నా కథ చెప్పాలి. కిరణ్ గారిది పాతకాలపు మోసం. నాకు జరిగింది కొత్తకాలపుది, అది ఇంకా ప్రమాదం.

రెండేళ్ల కింద ఒక అర సెంటు ఆన్‌లైన్‌లో కొన్నాను. బరువు సరిగ్గా ఉంది, అచ్చు జత కూడా పుస్తకంలో ఉన్నదే, ఆకూ పండూ సహా కలిసింది. మాస్టారు చెప్పిన పరీక్షలన్నిటికీ నిలబడింది. ఏడు నెలల తర్వాత వేరే అమ్మకందారు దగ్గర అదే జత ఇంకొకటి, కాస్త మెరుగ్గా ఉన్నట్టుంటే అది కూడా తీసుకున్నాను. రెంటినీ పక్కపక్కన పెట్టాను. లిబర్టీ చెంప మీద, ముక్కుకి కొంచెం వెనక, నెలవంక లాంటి చిన్న నొక్కు. రెంటి మీదా. మెడ కింద ఏటవాలుగా ఒక గీత, మధ్యలో తెగి మళ్లీ మొదలవుతుంది. రెంటి మీదా. అంచు దగ్గర ఏడు గంటల వైపు ఒక దెబ్బ. రెంటి మీదా.

అచ్చులో ఉన్న పగులైతే ఆ అచ్చు కొట్టిన నాణేలన్నిటి మీదా రావాలి, వస్తుంది. కానీ నొక్కు, గీత, అంచు దెబ్బ, ఇవి నాణెం జనంలో తిరిగాక తగిలినవి. ఒక నాణెం ఎవరి జేబులోంచో రాయి మీద పడితే తగిలిన దెబ్బ, ఇంకో నాణేనికి అదే చోట, అదే లోతులో ఎలా తగులుతుంది? తగలదు. అంటే ఒక అసలు నాణేన్ని తీసుకుని, దాని దెబ్బలతో సహా నకలు తీసి, ఆ నకలుతో అచ్చు చేసి, రాగి బిళ్లల మీద గుద్దుతున్నారన్నమాట. పోత కాదు, నిజంగా ప్రెస్‌లో కొట్టినవి. అందుకే బుడగలు లేవు, బరువు తప్పలేదు, జత తప్పలేదు.

ఆ రాత్రి రెంటినీ చెరో చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అప్పటినుంచి ఏది కొనాలన్నా ముందు ఆ జత నాణేల వేలం ఫొటోలు దొరికినన్ని తెచ్చుకుంటాను. నా కంటికి ముందు దెబ్బలే కనబడతాయి. ఒకే దెబ్బ రెండో నాణెం మీద కనిపిస్తే ఆగిపోతాను.

నవీన్_హైద్

అక్కా, మరి నాణేలు పరీక్షించి స్థాయి చెప్పే గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసిచ్చినవి కొంటే ఈ గొడవ ఉండదు కదా?

సుధ_డల్లాస్

చాలావరకు ఉండదు, తమ్ముడూ. కొత్తవాళ్లకి నేను చెప్పేది కూడా అదే. కానీ ఇలా కొట్టిన నకిలీలు కొన్ని నిపుణుల కళ్లు కూడా తప్పించుకుని ఆ డబ్బాల్లోకి వెళ్లాయి, తర్వాత బయటపడ్డాయి. పైగా డబ్బాలకే నకిలీలు వస్తున్నాయి. డబ్బా మీది నంబరుని కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్న నాణెం, నీ చేతిలోది ఒకటేనా అని గీతతో సహా పోల్చు. నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు, అసలు డబ్బా మీది నంబరునే నకలు డబ్బా మీద వేస్తారు.

సర్కారుడబ్బు (రాజమండ్రి)

రెండు రేకులు అతికించే పద్ధతి గురించి సుధగారు పైన ఒక మాట అని వదిలేశారు. కొత్తవాళ్ల కోసం నేను చెబుతాను. 19వ శతాబ్దంలో అరుదైన నాణేలు దొరకనివాళ్లు ఆల్బంలో ఖాళీ నింపుకోవడానికి విద్యుత్తుతో నకళ్లు తీయించుకునేవారు. అసలు నాణెం మూసలో పలచటి రాగి పొర పెరిగేలా చేసి, బొమ్మకొక రేకు, బొరుసుకొక రేకు తీసి, మధ్యలో సీసం పోసి అతికేవారు. బ్రిటిష్ మ్యూజియంలో రాబర్ట్ రెడీ అనే ఆయన మ్యూజియం నాణేలకి ఇలా నకళ్లు తీసి, అంచు మీద తన పేరు పొడి అక్షరాలు కొట్టేవాడు. మోసం ఉద్దేశం లేదు. తర్వాత చేతులు మారినప్పుడు ఆ నిజాయితీ ఊడిపోయింది. అంచు చుట్టూ వెంట్రుకంత గీత, వేలి కొన మీద నిలబెట్టి మెల్లగా తడితే గంట మోగాల్సిన చోట ‘టక్’ అని మొద్దు చప్పుడు. సీసం కలిసింది కాబట్టి సాంద్రత కూడా రాగి లెక్కకి తూగదు.

నవీన్_హైద్

ఇంకో మాట, తిట్టకండి. మా బామ్మ రాగి చెంబు తోమినట్టు నేను నా సెంట్లు మూడింటిని చింతపండుతో తోమాను. తళతళలాడుతున్నాయి.

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

తిట్టను. నేనూ చిన్నప్పుడు మా అమ్మ చేతికింద చెంబులు తోమినవాణ్ణే. కానీ నాణెం విషయంలో ఇక ఆ పని చేయొద్దు బాబూ. రెండు వందల ఏళ్ల చిలుము మనకి సాక్షి. కిరణ్ గారి నాణెం మీద ఆ ఎర్రటి మరక కనిపించిందంటే చుట్టూ పాత రంగు ఉండబట్టే కదా. ఎవరైనా ముందే తోమేసి ఉంటే నాణెం అంతా ఒకే రంగులో ఉండేది, చెక్కిన చోటు దొరికేదే కాదు. దుమ్ము, జిడ్డు పోవాలంటే ఇక్కడివాళ్లు జైలీన్ అనే ద్రావకంలో ముంచి, ఒంటె వెంట్రుకల కుంచెతో మెల్లగా తుడుస్తారు. గది కిటికీలు తెరిచి చేయాలి. అంతకు మించి వద్దు.

కిరణ్_ఎడిసన్

తాజా సంగతి. నిన్న సాయంత్రం ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను. పెద్దాయన లేరు, కూతురు ఉన్నారు. భూతద్దం తీసుకెళ్లి ఆవిడకే చూపించాను. ఆవిడ నాకన్నా ఎక్కువ బాధపడ్డారు, వాళ్ల తాతగారు 1950ల్లో కొన్నదట, ఇన్నేళ్లూ ఇంట్లో అందరూ నిజమనే అనుకున్నారట. డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నారు. 1798 సెంటుగా ఎంత పలుకుతుందో అంత ఉంచుకుని మిగతాది ఇమ్మన్నాను. నాణెం నా దగ్గరే ఉంది.

ఒక సందేహం: దీన్ని దగ్గర ఉంచుకోవడం చట్టం ప్రకారం తప్పా? తర్వాత ఎప్పుడైనా అమ్మాలంటే?

రాగిరేకు (ఫిలడెల్ఫియా)

ఉంచుకోవడం తప్పు కాదు. అసలు 1799 అని చెప్పి అమ్మితే తప్పు. అమెరికాలో 1973లో వచ్చిన చట్టం ప్రకారం కొత్తగా తయారుచేసే నకలు నాణేల మీద ‘కాపీ’ అని స్పష్టంగా ముద్రించాలి. 2014లో దాన్ని బిగించి, తెలిసీ అలాంటి అమ్మకాలకి సాయపడినవాళ్లని కూడా బాధ్యుల్ని చేశారు. మీదానికి ఒక చిన్న కాగితపు కవరు తీసుకోండి. చెరగని సిరాతో ‘1798, తేదీ 1799గా దిద్దబడినది’ అని రాసి అందులో పెట్టండి. మీ తర్వాత ఎవరి చేతికి వెళ్లినా ఆ కవరుతోనే వెళ్లాలి. ఆ తాతగారికి అమ్మినవాడు అలా రాసి ఉంటే ఆ అమ్మాయి నిన్న అంత బాధపడేది కాదు.

సర్కారుడబ్బు (రాజమండ్రి)

మాస్టారూ, మా ముత్తాత నాణేలు రెండూ ఫొటోలు తీశాను, కడగలేదు. ఒకటి 1794, ఒకటి 1797. ఈ చర్చ చదివాక రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను. 1797ది బరువు తక్కువుంది, అక్షరాల మూలల్లో సూది మొనంత గుంటలు కనిపిస్తున్నాయి, అంచు మీద ఆకురాయి గీతలున్నాయి. పోత అని నా అనుమానం. నీళ్ల పరీక్ష రేపు పొద్దున చేసి అంకెలు పెడతాను.

కిరణ్_ఎడిసన్

పెట్టండి. ఈసారి అంచు ఫొటోలు నేను చూస్తాను.